15 లక్షల ఆఫరా, 13 లక్షల 40 వేల ఆఫరా: ఏది మేలు?

పోయిన నెల మా చెల్లెలికి ఒకే వారంలో రెండు ఆఫర్లు వచ్చాయి. రెండూ హైదరాబాద్‌లోనే, పని కూడా దాదాపు ఒకటే. మొదటి కంపెనీ సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 15 లక్షలు, రెండోది 13 లక్షల 40 వేలు. ఇంట్లో అందరూ మొదటిదే అన్నారు. నేను మాత్రం ఆఫర్ లెటర్లలో జీతం వివరాలున్న పేజీలు పంపమన్నాను. మొదటిసారి ఉద్యోగం మారినప్పుడు నేను ఆ పేజీ సరిగ్గా చదవకుండానే సంతకం పెట్టాను. నెల జీతం అకౌంట్లో పడ్డాక గానీ సంగతి అర్థం కాలేదు.

ఆ 15 లక్షల్లో 2 లక్షల 25 వేలు వేరియబుల్, అంటే పనితీరును బట్టి ఇచ్చేది. లక్ష జాయినింగ్ బోనస్, అది ఒక్కసారే వస్తుంది. అంటే రెండో ఏడాదికి ఆ సీటీసీ 14 లక్షలే. బేసిక్ (మూల వేతనం) నెలకు 50 వేలు కాబట్టి కంపెనీ వాటా పీఎఫ్ ఏడాదికి 72 వేలు. గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) పేరున బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 29 వేలు. ఇన్సూరెన్స్ ప్రీమియం 14 వేలు కూడా అందులోనే కలిపారు. గ్రాట్యుటీ మామూలుగా ఐదేళ్లు పనిచేస్తేనే చేతికొస్తుంది. రెండు, మూడేళ్లకే ఉద్యోగం మారే వాళ్లకు దాన్ని జీతంగా లెక్కగట్టి చూపించడం నాకు అస్సలు నచ్చదు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 10 లక్షల 60 వేలు. అందులో తన వాటా పీఎఫ్ 6 వేలు, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోగా నెలకు చేతికొచ్చేది 82 వేలు.

రెండో కంపెనీలో వేరియబుల్ లేదు. బేసిక్ అంతే, పీఎఫ్, గ్రాట్యుటీ కూడా అంతే. ఇన్సూరెన్స్ ఖర్చు కంపెనీది, సీటీసీలో కలపలేదు. నెలకు చేతికి 97 వేలు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో జీతం 12 లక్షల 75 వేలు దాటకపోతే పన్ను లేదు కాబట్టి ఇందులో కోత ఉండదు. అదే మొదటి కంపెనీలో బోనస్, పూర్తి వేరియబుల్ ఒకే ఆర్థిక సంవత్సరంలో పడితే జీతం 13 లక్షల 85 వేలవుతుంది. దాని మీద పన్నే దాదాపు 80 వేలు.

నెలకు 15 వేల తేడా అంటే ఏడాదికి లక్షా 80 వేలు. రెండో ఏడాది నుంచి మొదటి కంపెనీ దీనితో సమానం కావాలంటే వేరియబుల్‌లో కనీసం 80 శాతం రావాలి. ఎంత ఇస్తున్నారని చెల్లెలు అడిగితే, కంపెనీ పనితీరును బట్టి ఉంటుందన్నారు. అక్కడే పనిచేస్తున్న తన సీనియర్‌ని అడిగితే పోయినేడు 70 శాతం వచ్చిందని చెప్పాడు. ఏటా 90, 100 శాతం ఇస్తున్న చోటైతే, ఈఎంఐల భారం లేని వాళ్లకు మొదటిదే లాభం. మా చెల్లెలికి ఇంటి లోన్ ఉంది. ఈఎంఐ నెల నెలా కట్టాలి, వేరియబుల్ వచ్చేదాకా బ్యాంకు ఆగదు.

నన్ను తేల్చుకునేలా చేసింది ఇంకో విషయం. రెండో కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలూ ఉన్నారు. నాన్నకు షుగర్. సొంతంగా పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు. ఈ గ్రూప్ పాలసీలో మొదటి రోజు నుంచే కవర్ అవుతుందని రాసి ఉంది. దీనికి ఎంత విలువ కట్టాలో హాస్పిటల్ బిల్లు కట్టినవాళ్లకు తెలుసు.

అయినా మొదటి కంపెనీని ఒకసారి అడిగి చూడమన్నాను. ఇంకా ఎక్కువివ్వమని కాదు, వేరియబుల్‌లోంచి లక్ష ఫిక్స్‌డ్‌లోకి, అంటే నెల నెలా తప్పకుండా వచ్చే జీతంలోకి మార్చమని. సీటీసీ మారదు కాబట్టి హెచ్ఆర్‌కి ఒప్పుకోవడం తేలిక. వాళ్లు అది కుదరదన్నారు, కావాలంటే జాయినింగ్ బోనస్ ఇంకో 50 వేలు పెంచుతామన్నారు. ఫిక్స్‌డ్‌లో పెరిగిన 50 వేలు ఏటా వస్తాయి, తర్వాతి హైక్ వాటి మీద కూడా లెక్కేస్తారు. బోనస్ ఒక్కసారితో సరి. పైగా ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలని అదే లెటర్‌లో ఉంది.

రెండో కంపెనీలో ఫిక్స్‌డ్ ఇంకా పెంచలేమన్నారు. అప్పుడు చెల్లెలు నోటీస్ పీరియడ్ గురించి అడిగింది. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు, అందులో 30 రోజులు డబ్బు కట్టి తగ్గించుకోవచ్చు. ఆ డబ్బు తామిస్తామని ఫోన్‌లో ఒప్పుకున్నారు. మెయిల్‌లో రాయమంది. సవరించిన ఆఫర్ లెటర్‌లో ఆ మాట చేరడానికి నాలుగు రోజులు పట్టింది. అది చేతికొచ్చాకే ఇక్కడ రిజైన్ చేసింది.