ఐహొళెతో మొదలుపెట్టి పట్టదకల్లుతో ముగించండి

హంపీ చూడటానికి వెళ్లినవాళ్లలో చాలామంది చివర్లో మిగిలిన పూటను ఉత్తర కర్ణాటకలోని బాదామికి పడేస్తారు. పొద్దున్నే గుహలు, మధ్యాహ్నం పట్టదకల్లు, వెలుతురుంటే ఐహొళె, రాత్రికి మళ్లీ హంపీ పక్కనున్న హోసపేట. ట్యాక్సీల వాళ్లు అమ్మేదీ ఇదే. ఇలా పరుగెత్తితే ఫోను నిండా ఫొటోలు మిగులుతాయి, ఏ గుడి ఏ ఊళ్లో చూశామో మాత్రం గుర్తుండదు. బాదామిలోనే బస చేసి ముందు ఐహొళె, తర్వాత బాదామి, ఆఖర్న పట్టదకల్లు చూడమని నా సలహా. కట్టిన సంవత్సరాల లెక్కలో ఇది కచ్చితమైన వరస కాకపోవచ్చు. అయినా ఐహొళెలో, బాదామి రాజధానిగా ఏలిన చాళుక్యుల శిల్పులు చేసిన రకరకాల ప్రయోగాలు ముందు చూసి ఉంటే, పట్టదకల్లులో వాళ్లు ఎంత దూరం వచ్చారో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

బాదామి రైల్వే స్టేషన్ ఊరికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఉంది. విజయవాడ, గుంటూరు, నంద్యాల వైపు నుంచి వచ్చేవారు హుబ్బళ్లి వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో గదగ్‌లో దిగి, అక్కడి నుంచి రైలో బస్సో పట్టుకోవచ్చు.

బస విషయంలో ఆశలు తగ్గించుకోవాలి. లాడ్జీలు ఎక్కువగా బస్టాండు చుట్టుపక్కలే ఉన్నాయి. మేము దిగినదాంట్లో గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవే. కాకపోతే వేడినీళ్లు ఉదయం కాసేపే వస్తాయన్న సంగతి డబ్బు కట్టాక చెప్పారు. గది రోడ్డు వైపు కావడంతో తెల్లవారుజామున బస్సుల హారన్లే సుప్రభాతం. అడిగితే వెనకవైపు గది ఇస్తారు, అడగాలి అంతే. కర్ణాటక పర్యాటక సంస్థ వారి మయూర చాళుక్య కూడా ఊళ్లో ఉంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారు ముందుగానే గది ఖాయం చేసుకోవడం మేలు. ముఖ్యంగా పుష్య మాసంలో బనశంకరి జాతర రోజుల్లో అప్పటికప్పుడు గది దొరుకుతుందని నమ్ముకోకండి.

బాదామి నుంచి ఐహొళె 35 కిలోమీటర్లు ఉంటుంది. బస్సులున్నాయి గానీ వాటిని నమ్ముకుంటే సగం రోజు దారిలోనే పోతుంది. రోజంతటికీ కారు మాట్లాడుకుంటే నలుగురికి పెద్ద భారం కాదు. మాట్లాడేటప్పుడే మేగుటి కొండ, రావణఫడి గుహాలయం కూడా చూస్తామని చెప్పాలి. లేకపోతే దుర్గ గుడి ముందు దింపి, గంటలో వచ్చేయమంటారు.

ఐహొళెలో, ఊరి చుట్టూ కలిపి, వందకు పైగా గుళ్లున్నాయి. పేరు విని దుర్గమ్మ గుడి అనుకుంటాం గానీ, దుర్గ గుడికి ఆ పేరు పక్కనున్న కోట గోడ వల్ల వచ్చింది. వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగి ఉంటుంది. చుట్టూ ఉన్న స్తంభాల వరండాలో నడుస్తుంటే గోడ గూళ్లలోంచి మహిషాసురమర్దని, వరాహమూర్తి, నరసింహుడు ఒకరి తర్వాత ఒకరు ఎదురవుతారు. పక్కనే ఉన్న లాడ్‌ఖాన్ గుడి అచ్చం పాతకాలపు మండువా సావడిలా ఉంటుంది. చెక్క దూలాలతో కట్టే పద్ధతినే రాతిలో దించారు. పైకప్పులో రాతి పలకల అతుకుల మీద, నీరు దిగకుండా, పొడవాటి రాతి కమ్మెలు పరిచారు. గుడిని మరిచిపోయి ఇంటి కప్పును చూసినట్టు చూస్తూ నిలబడ్డాను.

చాలామంది వదిలేసే మేగుటి కొండ మన తెలుగువారు ఎక్కి తీరాల్సిన చోటు. మెట్లు కాస్త ఆయాసపెడతాయి. పైనున్న జైన ఆలయం గోడలో రవికీర్తి రాసిన 634 నాటి సంస్కృత శాసనం ఉంది. చాళుక్య రాజు రెండో పులకేశి ఉత్తరాది చక్రవర్తి హర్షుణ్ణి ఓడించిన వైనం అందులోదే. కవి అక్కడితో ఆగకుండా తనకు కాళిదాసు, భారవులంతటి కీర్తి దక్కిందని కూడా చెక్కించుకున్నాడు. ఆ ధీమా నాకు నచ్చింది. ఈ పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడే వేంగిలో తూర్పు చాళుక్య వంశానికి మూలపురుషుడు. పాఠ్యపుస్తకంలో పొడిగా చదివిన పేర్లకు ఇక్కడ ఒక ఊరు దొరుకుతుంది.

ఐహొళెలో సరైన భోజనం మాకు దొరకలేదు. నీళ్లు, తినడానికి ఏదో ఒకటి వెంట ఉంచుకోండి. గైడును ఒక్కచోటే పెట్టుకునేట్టయితే అది ఇక్కడే. గుళ్లు ఇళ్ల మధ్య, పొలాల అంచున చెదిరి ఉన్నాయి, సొంతంగా వెతుక్కుంటే సగం తప్పిపోతాయి.

బాదామిలో నాలుగు గుహలున్నాయి. ఎర్రటి ఇసుకరాతి కొండను తొలిచి మలిచినవి. మూడు హిందూ గుహలు, నాలుగోది జైన గుహ. టికెట్ల దగ్గర వరస తక్కువగా ఉండే ఉదయం పూటే ఎక్కేయాలి. మొదటి గుహ ముందున్న పద్దెనిమిది చేతుల నటరాజును అందరూ ఫొటో తీస్తారు. అక్కడే ద్వారపాలకుడి కింద చూడండి. ఎద్దుకూ ఏనుగుకూ కలిపి ఒకటే తల చెక్కారు. గైడు అరచేత్తో ఒక దేహాన్ని మూసి ఏనుగును చూపించాడు, చెయ్యి రెండోవైపుకు జరపగానే ఎద్దు కనిపించింది. మూడో గుహ అన్నిటికంటే పెద్దది. 578లో చాళుక్య వంశపు మంగళేశుడు తొలిపించినట్టు అక్కడే శాసనం ఉంది. ఆదిశేషుడి చుట్టల మీద కూర్చున్న విష్ణువు దగ్గర జనం గుమిగూడతారు. తల ఎత్తి స్తంభాల పైనున్న జంటల బొమ్మల్నీ, కప్పు మీద మాసిపోతున్న రంగుల్నీ చూసేవాళ్లు తక్కువ.

కోతులతో జాగ్రత్త. చేతిలో ప్లాస్టిక్ సంచి కనిపిస్తే చాలు, లోపల ఏముందో తర్వాత చూసుకుందామన్నట్టు లాక్కుపోతాయి.

గుహల కింద ఉన్న చెరువు అగస్త్య తీర్థం. మన ఇళ్లలో పసిపిల్లల పొట్ట నిమురుతూ ‘జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం’ అంటామే, ఆ వాతాపి పేరే బాదామి పాత పేరు. తూర్పు గట్టున నీళ్లను ఆనుకుని ఉన్న భూతనాథ ఆలయాలకు సాయంత్రం వెళ్లండి, పడమటి ఎండ సూటిగా వాటి మీద పడుతుంది. ఉత్తరపు కొండ మీది శివాలయాలకు వెళ్లే దారి నిలువు బండల మధ్య ఇరుకు చీలికలోంచి సాగుతుంది. ఎండాకాలంలో మాత్రం రాయి కాలిపోతుంటుంది, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకానే ఈ ఊరు బాగుంటుంది. కొండ మొదట్లో ఉన్న పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు.

తిండికి నా ఓటు బనశంకరికి. 5 కిలోమీటర్ల దూరం. గుడి దగ్గర ఆడవాళ్లు గంపల్లో జొన్న రొట్టెలు, వేరుశనగ పొడి, గుత్తివంకాయ కూర, గడ్డ పెరుగు తెచ్చి అమ్ముతారు. ఊళ్లోని హోటళ్లలో తిన్న ఏ భోజనమూ దీనికి సాటి రాలేదు.

పట్టదకల్లు మూడింటిలోకీ బాగా చూసుకుంటున్న చోటు. 1987 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. పచ్చిక, నడక దారులు, బోర్డులు అన్నీ ఉన్నాయి. గుళ్లన్నీ మలప్రభ నది ఒడ్డున దాదాపు ఒకేచోట ఉండటంతో గైడు లేకపోయినా ఇబ్బంది లేదు. కంచిపై చాళుక్య రాజు రెండో విక్రమాదిత్యుడి విజయానికి గుర్తుగా రాణి లోకమహాదేవి కట్టించిన విరూపాక్ష ఆలయంలో ఇప్పటికీ పూజలు జరుగుతున్నాయి. కంచిని గెలిచిన ఆ రాజు అక్కడి కైలాసనాథుడి సొమ్ము దోచుకోకుండా తిరిగి గుడికే ఇచ్చేశాడు. స్తంభాల మీది రామాయణ, భారత ఘట్టాల్ని మన పిల్లలే గుర్తుపట్టి చెబుతారు, జటాయువు ఎక్కడుందో వెతకమనండి.

నాకు మాత్రం గళగనాథ ఆలయం దగ్గరే ఎక్కువ సేపు పట్టింది. ఆ శిఖరం మన అలంపురం నవబ్రహ్మ ఆలయాల తోబుట్టువు. అవీ ఈ చాళుక్యుల కాలంలోనివే. హైదరాబాదు వైపు వెళ్లేవారు తిరుగు ప్రయాణాన్ని కర్నూలు మీదుగా పెట్టుకుంటే అలంపురం పెద్ద చుట్టు కాదు. ముందు స్వర్గబ్రహ్మ ఆలయానికి వెళ్లండి, గళగనాథ ఫొటోను ఫోనులో తెరిచి ఉంచుకోండి.