పిలాటీస్‌లో ఏకాగ్రత: నాలుగేళ్ల సాధన తర్వాత

చిన్నప్పుడు బావి దగ్గర నుంచి బిందెతో నడిచి వస్తుంటే మా అమ్మమ్మ "ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడవవే" అని హెచ్చరించేది. ఆ మాటకు అసలైన అర్థం నాకు నలభై ఆరో ఏట, హైదరాబాదులో ఒక మ్యాట్ మీద వెల్లకిలా పడుకుని కాలు పైకెత్తినప్పుడు తెలిసింది. నాలుగేళ్లుగా వారానికి మూడు రోజులు మ్యాట్ పిలాటీస్, అంటే యంత్రాలు లేకుండా నేల మీద పరచిన మ్యాట్ మీదే చేసే పిలాటీస్ వ్యాయామాలు, చేస్తున్నాను. పొట్ట తగ్గుతుందా, ఎన్ని క్యాలరీలు ఖర్చవుతాయి అన్న సంగతులు చాలామంది రాశారు కనుక వాటి జోలికి పోను. ఈ పద్ధతిలో నన్ను కట్టిపడేసింది ఏకాగ్రత. కొన్ని నెలలపాటు నన్ను ఇబ్బంది పెట్టిందీ అదే.

జోసెఫ్ పిలాటీస్ తన పద్ధతికి పెట్టుకున్న పేరు కంట్రాలజీ. 1945లో వచ్చిన పుస్తకంలో ఆయన 34 వ్యాయామాలను వివరించి, చేసిన ప్రతిసారీ సరైన కదలికపై మనసు నిలపకపోతే వాటి ప్రయోజనం దక్కదని రాశారు. పెద్దలు చెప్పే మామూలు సలహా అనుకున్నాను గానీ, మొదటి వ్యాయామమైన ‘హండ్రెడ్’ దగ్గరే దాని అవసరం తెలిసివచ్చింది. వెల్లకిలా పడుకుని తల పైకెత్తి ఉంచి, ఐదు లెక్కలకు శ్వాస తీసుకుని, ఐదు లెక్కలకు వదులుతూ, మొత్తం వందసార్లు చేతులను కిందికీ పైకీ ఆడించాలి. నాకు అరవై దాటగానే లెక్క తప్పేది, లెక్క తప్పిన చోటే మెడ బిగుసుకునేది. పొట్ట కండరాలు మోయవలసిన తల బరువు అప్పటికి మెడ మీద పడిందన్నమాట. మనసు రాత్రి కూర మీద ఉన్నంతసేపూ ఆ మార్పు నాకు తెలిసేది కాదు. లెక్క నిలుపుకోవడం అలవాటయ్యాక మెడ నొప్పి తగ్గింది. ఆ సంబరంలో మా అపార్ట్‌మెంటులో కనిపించిన వారందరికీ "ఎంత ఏకాగ్రత పెడితే అంత ఫలితం" అని చెప్పాను.

ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. ఎనిమిదో నెలలో సింగిల్ లెగ్ సర్కిల్ మొదలైంది. పైకెత్తిన కాలితో గాలిలో వృత్తాలు గీస్తున్నప్పుడు కటి భాగం కదలకూడదు. అప్పటి శిక్షకురాలు నాభిని వెన్ను వైపు లాగమని, పక్కటెముకలు దగ్గరికి తెమ్మని, తొడను వదులు చేయమని, దవడ బిగించవద్దని వరుసగా చెప్పేవారు. నేను అన్నిటికీ ఒకేసారి కాపలా కాశాను. ఊపిరి ఆగిపోయేది, తొడ మొదట్లో పట్టేసేది, కటి మాత్రం పడవలా ఊగుతూనే ఉండేది. "ఇంకా ఏకాగ్రత కావాలి" అన్నదే ఆవిడ సమాధానం. ఇంకా పెట్టాను. చివరికి ఇంట్లో మెట్లు దిగేటప్పుడు కూడా పాదం ఎలా మోపుతున్నానో గమనించబోయి రెండుసార్లు తడబడ్డాను. మూడు నెలలు అది నా లోపమేనని కుమిలిపోయాను. నేర్చుకునేవారికి ఒక మాట పనిచేయకపోతే నేర్పేవారు మరో మాట వెతకాలి. ఆ విషయంలో నా బాధ ఇప్పటికీ పోలేదు.

ఒకరోజు ఆవిడ బదులు వచ్చిన అమ్మాయి చిన్న స్టీలు గిన్నెలో సగం దాకా నీళ్ళు పోసి నా పొత్తికడుపు మీద పెట్టింది. "కండరాల సంగతి వదిలేయండి మేడమ్. బొటనవేలితో సీలింగ్ మీద చిన్న సున్నా చుట్టండి, నీళ్ళు తొణకకుండా చూసుకోండి" అంది. నాలుగో సున్నాకు ఊపిరి దానంతట అదే సాగింది, నీళ్ళు నిలిచాయి. ఆశ్చర్యంతో లేచి కూర్చోబోయి గిన్నె దొర్లించాను. తర్వాత చదివితే, గాబ్రియెల్ వుల్ఫ్ బృందం 1998లో ప్రచురించిన పరిశోధన కనిపించింది: స్కీయింగ్‌ను అనుకరించే యంత్రం మీద సాధన చేసినవారిలో, తమ పాదాల మీద ధ్యాస పెట్టినవారికంటే పాదాల కిందున్న చక్రాల మీద ధ్యాస పెట్టినవారు బాగా నేర్చుకున్నారట.

అలాగని లోపలికి చూడడం వృథా అనను. ఏ కాలు ఎత్తినా గిన్నెలో నీళ్ళు ఎడమ అంచుకే చేరేవి. ఎందుకా అని గమనిస్తూ పోతే, పొయ్యి దగ్గర నేనెప్పుడూ ఎడమ కాలి మీదే బరువు వేసి నిలబడతానని తెలిసింది. దీనికీ దానికీ సంబంధం ఎంతో చెప్పలేను గానీ, నా నిలుచునే తీరు నాకు తెలియడం అదే మొదలు. మనం ‘నడుం వంచి’ పనిచేయడం అంటాం. నేను ఇన్నేళ్లూ నిజంగా నడుమునే వంచి ముగ్గు వేశాను, సంక్రాంతి నాటికి మంచం పట్టాను. పోయిన ధనుర్మాసంలో మాత్రం తుంటి కీళ్ళ దగ్గర మడిచి, వెన్ను పొడవుగా ఉంచి వంగుతున్నానని పదో రోజో పదకొండో రోజో గుర్తించాను. అప్పుడు నా ధ్యాస చుక్కల మీదే ఉంది, ఒంటి మీద లేదు.

నాది కుర్చీలో కూర్చునే ఉద్యోగం, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, డిస్కు సమస్య లేదు, మా తరగతిలో ఉండేది ఆరుగురమే. ఇరవైమంది ఉన్న చోట ఆ గిన్నె ఎవరూ పెట్టేవారు కారు. ఎముకలు బోలుగా మారినవారికి వెన్ను ముందుకు చుట్టే వ్యాయామాలు ప్రమాదకరం కనుక వారు ముందు వైద్యులను అడగాలి. నిద్ర చాలని రోజున నాకు ఏకాగ్రత కుదరదు, సగంలో ఆపేస్తాను. స్ప్రింగులతో ముందుకూ వెనక్కూ జరిగే బండి ఉన్న రిఫార్మర్ యంత్రం మీద రెండు నెలలు చేశాను. పరధ్యానంగా ఉంటే బండి దడాలున మోగి అదే హెచ్చరిస్తుంది, కానీ ఆ రుసుము నాకు భారమై మానేశాను. మ్యాట్ కొనసాగిస్తున్నాను. గిన్నెలో నీళ్ళు ఎడమ అంచుకు చేరడం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.