జాగ్రత్త: "మీ ఇంటిపేరు చరిత్ర" అని అమ్మే ఫ్రేములు కొనకండి

యూకేలో ఉంటున్న మనవాళ్లందరికీ ఒక మాట. రిటైరవుతున్న మేనేజర్‌కో, పక్కింటి ఇంగ్లీషు పెద్దవాళ్లకో, మన అమ్మాయి చేసుకున్న ఇక్కడి అబ్బాయి తల్లిదండ్రులకో ఏం ఇవ్వాలో తోచక ఫోన్‌లో వెతుకుతుంటే ఈ ప్రకటన మీకూ తగిలే ఉంటుంది. "మీ ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, ఏ కాలంలో ఎంతమందికి ఉంది, ఎటు వ్యాపించింది: మ్యాప్, గ్రాఫ్, డాలు మీద వేసే చిహ్నం అంటే కోట్ ఆఫ్ ఆర్మ్స్‌తో అందమైన ఫ్రేము." ఫ్రేముకి 59, పోస్టుకి 5, మొత్తం 64 పౌండ్లు. నేను కొన్నాను. మీరు కొనకండి.

అమ్మినవాళ్ల పేరు రాయను. ఇలాంటి సైట్లు బోలెడున్నాయి, ఒకటి మూస్తే ఇంకో పేరుతో తెరుస్తారు. సరుకు ఎలా ఉంటుందో తెలిస్తే మీరే గుర్తుపడతారు.

మా పక్కింటి పెద్దాయనకి ఎనభై అయిదో పుట్టినరోజు వచ్చింది. మేం ఈ ఇంట్లో దిగిన కొత్తలో చెత్త డబ్బాల్లో ఏది ఏ వారం బయట పెట్టాలో నేర్పింది ఆయనే. మా పిల్లలు తాతయ్య అంటారు, ఆయనా పలుకుతాడు. ఆయన ఇంటిపేరు చాలా అరుదైనది. నేను పనిచేసే ఆస్పత్రిలో ఇన్నేళ్లలో ఆ పేరుతో ఇంకో పేషెంటుని చూడలేదు. అదేమిటో ఇక్కడ చెప్పను. అంత అరుదైన పేరు చెప్తే ఇంటి నంబరు చెప్పినట్టే. దాని బదులు అదే తరహా పేరు, మీకు తెలిసినది, ఉదాహరణకి తీసుకుంటాను: అటెన్‌బరో. 1982లో గాంధీ సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో, జంతువుల డాక్యుమెంటరీల డేవిడ్ అటెన్‌బరో అన్నదమ్ములు. నాటింగ్‌హామ్ పక్కన ట్రెంట్ నది ఒడ్డున అటెన్‌బరో అనే ఊరుంది. ఇంటిపేరు దాని నుంచి వచ్చిందే, మన కొండపల్లి వారూ వెలగపూడి వారూ లాగా. సొంతూళ్లో ఉన్నంతకాలం ఎవర్నీ ఊరిపేరు పెట్టి పిలవరు కదా. గట్టు దాటి పక్క ఊళ్లో స్థిరపడ్డాకే "ఫలానా ఊరివాళ్లు" అవుతారు. ఇక్కడా అంతే.

సరే, ఫ్రేము వచ్చింది. పాత తోలుకాగితంలా కనపడాలని అంచులు కాలినట్టు ప్రింట్ చేశారు. దగ్గరగా చూస్తే నాలుగు మూలలా కాలిన మరక ఒకే ఆకారంలో ఉంది. అప్పుడే అనుమానం రావాల్సింది. పైన డాలు, డాలు పక్కన సింహం. కింద ఎడమవైపు మ్యాప్, కుడివైపు 1881 నుంచి 1951 వరకు పదేళ్లకో గీత చొప్పున గ్రాఫు. మెట్లు కట్టినట్టు ప్రతి గీతా ముందుదానికంటే కాస్త పొడుగు.

కేకు కోశాక పెద్దాయన కళ్లజోడు మార్చుకుని మొత్తం చదివాడు. చాలా బాగుందమ్మా అన్నాడు. ఇక్కడివాళ్లు "చాలా బాగుంది" అన్నాక కాసేపు ఆగాలి, అసలు మాట తర్వాత వస్తుంది. వచ్చింది. గ్రాఫు మీద వేలు పెట్టి, "1941లో నాకు ఏడాది, మా నాన్న ఈజిప్టులో సైన్యంలో ఉన్నాడు. అప్పుడు మమ్మల్ని ఎవరు లెక్కపెట్టారు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆ రాత్రి కూర్చుని చదివితే తల తిరిగింది. ఇక్కడ జనాభా లెక్కలు 1801 నుంచి పదేళ్లకోసారి జరుగుతున్నాయి. దేశమంతటా మనుషుల పేర్లతో సహా మిగిలినవి 1841 నుంచి. కానీ 1941లో యుద్ధం వల్ల లెక్కలే జరగలేదు. 1931లో తీసిన ఇంగ్లండ్, వేల్స్ కాగితాలు 1942 డిసెంబరులో హేస్ అనే చోట గోడౌన్‌లో మంటలు లేచి బూడిదయ్యాయి. 1951వి ఉన్నాయి గానీ వందేళ్లు మూసి ఉంచాలన్న నియమం, 2052 దాకా బయటికి రావు. అంటే ఆ గ్రాఫులో చివరి మూడు గీతల్లో ఒకటి కాలిపోయింది, ఒకటి పుట్టనే లేదు, ఒకటి తాళంలో ఉంది. ముగ్గురూ మాత్రం మెట్ల వరసలో బుద్ధిగా నిలబడ్డారు.

కాబట్టి ఇలాంటి ఫ్రేము ఎక్కడైనా కనపడితే ముందు 1941 కోసం వెతకండి. ఆ ఒక్క గీత ఉంటే చాలు, మిగతాది చదవక్కర్లేదు. పేర్లతో జనానికి తెరిచిన ఆఖరి లెక్క 1921ది, అదీ 2022 జనవరిలోనే వచ్చింది. ఆ తర్వాత కావాలంటే యుద్ధం మొదట్లో గుర్తింపు కార్డుల కోసం 1939 సెప్టెంబరు 29న తీసిన రిజిస్టర్ ఉంది. ఆపైన ఓటర్ల జాబితాలు.

మ్యాప్ సంగతి ఇంకా ఘోరం. లండన్ మీద ముదురు ఎరుపు, మిగతా దేశమంతా లేత గులాబీ. ఏ పేరు తీసుకున్నా లండన్ ఎర్రగానే వస్తుంది, ఎందుకంటే జనం ఎక్కువ ఉన్నది అక్కడ. హైదరాబాద్‌లో మీ ఇంటిపేరువాళ్లు వందమంది ఉన్నంత మాత్రాన అది మీ పూర్వీకుల ఊరు అయిపోతుందా? చూడాల్సింది తలల లెక్క కాదు, అక్కడి జనాభాలో పది లక్షలకి ఎంతమంది అన్నది. అలా వేస్తే ఇలాంటి ఊరిపేర్లు ఒకటి రెండు జిల్లాల్లో కుప్పగా కనిపిస్తాయి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లు 1881 జనాభా లెక్కల్నీ 1998 ఓటర్ల జాబితానీ పక్కపక్కన పెట్టి మ్యాపులు వేశారు. రైళ్లు, రెండు యుద్ధాలు, మోటారు కార్లు అన్నీ దాటి వచ్చినా చాలా పేర్లు ఇంకా పుట్టిన చోటు చుట్టూనే గుమిగూడి ఉన్నాయి. వాళ్ల సైటులో చూడటానికి ఒక్క పెన్నీ అక్కర్లేదు. నేను 64 పౌండ్లు పెట్టి తప్పు మ్యాప్ కొన్నాను.

గ్రాఫు పైకి పోతుంటే "మీ కుటుంబం విస్తరించింది" అని కింద పొగడ్త ఒకటి. 1881లో ఇంగ్లండ్, వేల్స్ జనాభా 2 కోట్ల 60 లక్షలు. 2021లో 5 కోట్ల 96 లక్షలు. అప్పుడు వందమంది ఉన్న పేరు ఇప్పుడు రెండు వందలు ఉందంటే పెరగలేదు, కొంచెం వెనకబడింది. 230 దాకా ఉంటేనే ఉన్నచోట నిలబడినట్టు.

అరుదైన పేర్లు పెరగడం కంటే ఆరిపోవడమే ఎక్కువ. 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన ఇదే లెక్క వేయమని పత్రికలో ప్రశ్న వేస్తే, వాట్సన్ అనే పాస్టరు గారు గణితంతో చూపించారు: ఏ రోగం రాకపోయినా, ఎవరి తప్పూ లేకపోయినా, ఒక తరంలో మగపిల్లలు లేకపోవడం అనే చిన్న యాదృచ్ఛికంతోనే ఇంటిపేర్లు ఒకటొకటిగా మాయమవుతాయని. నేను ఇది చెప్తే పెద్దాయన నవ్వి, "నాకు ఇద్దరూ ఆడపిల్లలే, ఆ లెక్క నాకు ఎప్పటి నుంచో తెలుసు" అన్నాడు.

ఇక డాలు, సింహం. ఇంగ్లండ్‌లో ఈ చిహ్నాలు చూసే ఆఫీసు, కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్, 1484 నుంచి ఉంది. వాళ్లు స్పష్టంగా చెప్పే మాట: ఇంటిపేరుకి కోట్ ఆఫ్ ఆర్మ్స్ అనేది ఉండదు. అది ఒక మనిషికి ఇస్తారు, ఆయన మగసంతతి వారసులకి వస్తుంది. అదే పేరున్న ఇంకెవరో దాన్ని గోడకి తగిలిస్తే మన పక్కవీధివాళ్ల పొలం పాస్‌బుక్ ఫ్రేము కట్టించుకున్నట్టు.

"1086 నాటి డూమ్స్‌డే గ్రంథంలో నమోదైన ప్రాచీన కుటుంబం" అని కూడా రాశారు. అది అప్పటి ఇంగ్లండ్ రాజు ఊరూరా రాయించిన భూముల లెక్క. ఆ కాలంలో సామాన్యులకి వంశపారంపర్య ఇంటిపేర్లు ఇంకా కుదురుకోలేదు. ఊరిపేరు కనపడగానే దాన్ని కుటుంబానికి అంటగట్టేస్తారన్నమాట.

ఒక్క విషయంలో మాత్రం ఆ ఫ్రేము నిజానికి కొంచెం దగ్గరగా వచ్చింది, అదీ తెలిసి కాదు. "ఈ పేరువారందరూ ఒకే మూలపురుషుని సంతతి" అని ఉంది. స్మిత్ లాంటి పేరుకి ఇది పచ్చి అబద్ధం, ఊరికో కమ్మరి ఉన్నాడు కదా. కానీ లీసెస్టర్ విశ్వవిద్యాలయంలో ట్యూరి కింగ్, మార్క్ జాబ్లింగ్ అనే ఇద్దరు 40 ఇంటిపేర్ల మగవాళ్ల డీఎన్‌ఏ పోల్చి 2009లో ప్రచురించారు. అటెన్‌బరో లాంటి అరుదైన పేర్లలో డెబ్భై శాతానికి పైగా మగవాళ్లకి, తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్ దాదాపు ఒకటే. అంటే నిజంగానే ఎప్పుడో ఒకాయన. (కార్ పార్కింగ్ కింద దొరికిన రాజు రిచర్డ్ III ఎముకల డీఎన్‌ఏ చూసింది కూడా ఈ ట్యూరి కింగే.) మిగతా ముప్పై శాతం? దత్తతలు, అమ్మ పేరు పెట్టుకున్నవాళ్లు, ఇంకా ఇళ్లల్లో మాట్లాడుకోని సంగతులు.

కోపం వచ్చి ఆ సైటుని పరీక్షించాను. మా పెరట్లో పెంచే గోంగూర గుర్తొచ్చి, ఇంటిపేరు అన్నచోట "గోంగూర" అని కొట్టాను. అర నిమిషంలో వచ్చింది: గోంగూర వారు తొలుత యార్క్‌షైర్‌లో కనిపించిన ప్రాచీన వంశం, డాలు, అదే సింహం. 1941 గీత కూడా ఉంది. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని మా అమ్మమ్మ అనేది. ఇక్కడ ఇంటిపేరే గోంగూర.

డబ్బు వెనక్కి అడిగితే "పేరు వేసి తయారుచేసిన వస్తువు, వాపసు లేదు" అన్నారు. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, ఆగకండి. నచ్చలేదని 14 రోజుల్లో తిప్పి పంపే హక్కు పేరు వేయించిన వస్తువులకి ఉండదు, నిజమే. కానీ చెప్పినట్టు లేని సరుకు వేరే సంగతి. 2015 వినియోగదారుల చట్టం ప్రకారం 30 రోజుల్లోపు తిరస్కరించవచ్చు, పేరు వేసినా సరే. నేను "మీరు జనాభా లెక్కల ఆధారంగా అని ప్రకటించారు, 1941లో లెక్కలే జరగలేదు" అని రెండు వాక్యాలు రాశాను. జవాబుగా తర్వాతి ఆర్డరు మీద 20 శాతం డిస్కౌంట్ కూపన్ పంపారు! చివరికి బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (అమ్మినవాళ్ల నుంచి డబ్బు వెనక్కి రప్పించమని బ్యాంకుని అడగడం) పెడితే అయిదు వారాలకి డబ్బు పడింది. క్రెడిట్ కార్డుతో 100 పౌండ్లు దాటిన వస్తువు కొని ఉంటే 1974 చట్టం సెక్షన్ 75 కింద కార్డు కంపెనీనే నేరుగా అడగొచ్చు. నాది డెబిట్ కార్డు, 64 పౌండ్లు, కాబట్టి అది వర్తించలేదు.

అన్నట్టు, స్టేట్‌మెంట్ చూస్తుంటే నెలకి 9.99 పౌండ్లు "వంశవృక్ష సభ్యత్వం" అని ఇంకో కోత కనపడింది. ఆర్డరు పేజీలో ముందే టిక్ పెట్టి ఉంచారట. రెండు నెలలు పోయాయి. కొన్నవాళ్లుంటే ఇప్పుడే బ్యాంకు యాప్ తెరిచి చూసుకోండి.

నిజంగా ఇలాంటి బహుమతి ఇవ్వాలనుంటే మీరే చేయొచ్చు, ఒక శనివారం చాలు. 1881 జనాభా లెక్కల సూచిక ఫ్యామిలీసెర్చ్ అనే సైటులో ఉచితం. 1837 జూలై నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో నమోదైన పుట్టుకలు, పెళ్లిళ్లు, చావుల సూచిక ఫ్రీబీఎండీ అనే సైటులో వాలంటీర్లు ఎక్కించారు, అదీ ఉచితమే. అంతకుముందువి కావాలంటే చర్చి రిజిస్టర్లు, 1538 నుంచి. ఒకే ఇంటిపేరు పట్టుకుని జీవితమంతా గడిపేవాళ్ల సంఘం కూడా ఉంది, 1979లో పెట్టారు, గిల్డ్ ఆఫ్ వన్ నేమ్ స్టడీస్ అని. స్పెల్లింగు మాత్రం నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి. రాసుకున్న గుమస్తా చెవికి ఏది వినపడితే అదే రాశాడు.

నేనూ పెద్దాయనా అలాగే లైబ్రరీలో కూర్చున్నాం. 1881లో ఆయన పేరువాళ్లు అన్ని స్పెల్లింగులూ కలిపినా మన పెళ్లి బస్సులో సరిపోయేంతమందే. కానీ ఆయన ముత్తాత లేడు. ముందు, వెనక లెక్కల్లో ఉన్నాడు, మధ్యలో మాయం. ఆ లెక్క 1881 ఏప్రిల్ 3 రాత్రి ఈ నేల మీద ఉన్నవాళ్లది మాత్రమే. ఆయన ఇండియాలో సైన్యంలో ఉన్నాడు. బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీసు రికార్డుల్లో కొడుకు బాప్తిస్మం దొరికింది, 1882. ఊరి పేరు చదివి నేను కుర్చీలో నుంచి లేచాను. సికింద్రాబాద్, ట్రిమల్‌గెర్రీ. మా పుట్టిల్లు అల్వాల్. రోజూ ఆ చౌరస్తా మీదుగానే కాలేజీకి పోయేదాన్ని.

అమ్మినవాళ్లు సరుకు వెనక్కి అడగలేదు. పెద్దాయన ఫ్రేము విప్పి కాగితం తిరగేశాడు, "కాగితం మాత్రం మంచిదే" అంటూ. వెనక తెల్లటి వైపు పెన్సిల్‌తో ముత్తాత నుంచి మొదలుపెట్టి పేర్లు రాస్తున్నాడు. తాత పేరు దగ్గర ఆగి, ఆ ఊరిని అసలు ఏమంటారని అడిగాడు. తిరుమలగిరి అన్నాను. ఇంకోసారి నెమ్మదిగా చెప్పమని, రబ్బరు తీసుకుని దిద్దుకున్నాడు.