మార్క్ 4 అంబాసిడర్‌లో ఇసుజు ఇంజను: ఒక గ్యారేజీ పనితనంపై ఏడాది తర్వాత సమీక్ష

మా నాన్నగారు 1986లో కొన్న అంబాసిడర్ మార్క్ 4 కారుకు ఇంజను మార్పించి, వెడల్పు చక్రాలు వేయించి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో కారు పి.గన్నవరం, అమలాపురం, రాజమహేంద్రవరం మధ్య సుమారు 9,000 కిలోమీటర్లు తిరిగింది కనుక, ఇప్పుడు రాసేది తొలిరోజుల మురిపెంతో రాసేది కాదు. పని చేసినది రావులపాలేనికి కాస్త ఆవల, జాతీయ రహదారి పక్కనున్న ఒక గ్యారేజీ. మెచ్చుకోవలసిన వాటితో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందువల్ల పేరు రాయడం లేదు. ఆ ఫిర్యాదుల్లో అన్నిటికంటే పెద్దది నా స్వయంకృతమేనని ముందే ఒప్పుకుంటున్నాను.

పాత 1489 సీసీ పెట్రోలు ఇంజనుకు రెండుసార్లు బోరింగు (అరిగిన సిలిండర్లను తొలిచి సరిచేసే పని) చేయించాం. కొత్తగా ఉన్నప్పుడే దాని సత్తా సుమారు 50 హార్స్‌పవర్. మా డెల్టాలో కొండలూ గుట్టలూ లేవు, ఎత్తెక్కడమంటే వంతెన ఎక్కడమే. అయిదుగురు కూర్చుంటే సిద్ధాంతం వంతెన మీదికి మూడో గేరులో కూడా రొప్పుతూ, వెనక నీలిపొగ వదులుతూ ఎక్కేది. గ్యారేజీ మేస్త్రి మూడు దారులు చెప్పారు: మరోసారి బోరింగు చేయించడం, జపాన్ కంపెనీ ఇసుజు డీజిల్ ఇంజను పెట్టడం, లేదా 1990ల మొదట్లో అంబాసిడర్‌కే వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు పెట్రోలు ఇంజనును దాని అయిదు గేర్ల బాక్సుతో సహా పెట్టడం. మూడోదే మంచిదని ఆయన అభిప్రాయం. కారు కంపెనీ అదే, ఇంధనం అదే, బాడీ అదే కాబట్టి ఫౌండేషన్లూ (ఇంజనును బాడీకి బిగించే ఆధారాలు) గొట్టాలూ పాత అంబాసిడర్ల నుంచే దొరుకుతాయన్నది ఆయన చెప్పిన కారణం. ఈ 1817 సీసీ ఇంజను అంబాసిడర్‌లో 75 హార్స్‌పవర్ ఇచ్చేది. ఇతర కంపెనీల ఇంజన్లు తెచ్చి కోసి అతికించి ఇరుక్కుపోయిన బండ్లను రెండు మూడింటిని చూసి ఉన్నాను కనుక ఆ సలహా నాకు నచ్చింది.

ఈ గ్యారేజీ మీద నాకు నమ్మకం కుదిరింది ఇంజను దగ్గర కాదు, కారు నేల దగ్గర. అంబాసిడర్‌కు లారీలాగా విడి చాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే ఉక్కు కడ్డీలు, అంటే టార్షన్ బార్లు కూడా వెనక్కి వచ్చి నేల కింది అడ్డపట్టీలోనే బిగిసి ఉంటాయి. మేస్త్రి కారును ఎత్తించి, కిందికి దూరి, ఆ పట్టీ పక్కన స్క్రూడ్రైవరుతో మెల్లగా పొడిచారు. ఎర్రటి తుప్పు పొక్కు రాలి, స్క్రూడ్రైవరు పిడి దాకా లోపలికి దిగింది. అంతర్వేది వైపు గాలిలో ఉప్పు, 2022 జూలై వరదలో మా పాకలో చేరిన నీరు, మా ఇంటి ముందు కాలువ చెమ్మ కలిసి చేసిన పని అది. "ముందు ఇది కుట్టాలండి, తరవాతే ఇంజను సంగతి. పుచ్చిన దూలం మీద మేడ కడతామా అండి?" అన్నారాయన. అప్పటికే పాత ఇంజను తమ్ముడి టాటా ఏస్ చిన్న లారీలోకి ఎక్కి వెళ్లిపోయింది కనుక నాకు వేరే దారి లేదు, కానీ ఆ మాటలో తప్పేమీ లేదు. తుప్పు పట్టిన రేకును కోసి తీసి, అడ్డపట్టీని కొత్త మందపాటి రేకుతో కట్టి, లోపలి గుల్లలోకి వేడిచేసిన గ్రీజు పోయించారు. దీనికే మూడు వారాలు పట్టింది. బయటికి ఎవరికీ కనిపించని ఈ పనిని గ్యారేజీ నాకు చేసిపెట్టిన అన్నిటికంటే గొప్ప మేలుగా లెక్కిస్తాను.

ఇంజను బిగింపు చూడముచ్చటగా ఉంది. ఫౌండేషన్ బ్రాకెట్లు అంబాసిడర్ ఇసుజు మోడల్ నుంచి తెచ్చినవే. గేర్ బాక్సు కొలత మారడంతో వెనక చక్రాలకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టును తగినంత కోసి, రాజమహేంద్రవరంలో బ్యాలెన్సింగు చేయించారు. స్టీరింగు కింద ఉండే గేరు రాడ్డు పోయి, నేల మీద గేరు వచ్చింది. ముప్పై ఏళ్ల అలవాటు వల్ల మా నాన్నగారి ఎడమచెయ్యి ఇప్పటికీ ముందు స్టీరింగు దగ్గరికే వెళ్తుంది. ముందు చక్రాలకు తరవాతి అంబాసిడర్లకు వచ్చిన డిస్కు బ్రేకులు, బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టరు పెట్టించకుండా ఇంజను తాళంచెవి చేతికివ్వనని మేస్త్రి పట్టుబట్టారు. మారేడుమిల్లి ఘాట్ దిగుతుంటే ఆ పట్టుదల విలువ తెలిసింది. ఇంజను స్టార్టు చేసిన రోజు ఇంజను పైనుండే ట్యాపెట్ కవరు మీద నీళ్ల గ్లాసు పెట్టి చూపించారు. నీళ్లు వణికాయి కానీ ఒలకలేదు. పాత ఇంజనుతో లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు కష్టంగా వచ్చేవి, ఇప్పుడు పది దాటుతున్నాయి. చించినాడ వంతెనను అయిదుగురితో నాలుగో గేరులోనే ఎక్కుతున్నాను.

కాగితాల విషయంలో కూడా గ్యారేజీ సరైన దారే పట్టింది. తెచ్చిపెట్టే సెకండ్‌హ్యాండ్ ఇంజనుకు బిల్లూ, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిపే పత్రమూ లేకుండా పని మొదలుపెట్టబోమన్నారు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఇంజను మార్పుకు రిజిస్టరింగు అధికారి అనుమతి కావాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. మా దరఖాస్తు చాలాకాలం నలిగింది, అయితే కంపెనీ, ఇంధనం ఒకటే కావడం కలిసివచ్చి ఆర్‌సీలో కొత్త ఇంజను నంబరు ఎక్కింది. బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలిపాను.

ఇక చక్రాల సంగతి. పాత సన్నటి ఇనుప రిమ్ముల స్థానంలో ఏడంగుళాల అల్లాయ్ రిమ్ములు, వాటికి 205/60 ఆర్15 టైర్లు కావాలని అడిగింది నేనే. మేస్త్రి వద్దన్నారు. మడ్‌గార్డు అంచు నుంచి కిందికి సుద్దముక్కతో నేల మీద గీత గీసి, కొత్త చక్రాన్ని పక్కన నిలబెట్టి, గీత దాటి వచ్చిన భాగాన్ని నాలుగువేళ్లతో కొలిచి చూపించారు. "బాబుగారూ, గన్నవరం కాలవగట్టు మీద మీకు కొబ్బరికాయల ట్రాక్టరు ఎదురొస్తే ఈ నాలుగువేళ్లు ఎక్కడ పెడతారండి?" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. బోల్టుల మధ్య కొలత కలవక, స్పేసర్లు (చక్రానికీ హబ్‌కూ మధ్య పెట్టే లోహపు బిళ్లలు) పెట్టి బిగించారు.

ఫలితం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ముచ్చట చాలామందికి ఉంది. చక్రం మధ్యభాగం బయటికి జరిగిన కొద్దీ బరువు హబ్ బేరింగు మధ్యన కాకుండా దాని అంచు మీద పడుతుంది. నాలుగు నెలలకే ముందు ఎడమ బేరింగు మూలిగింది. పవర్ స్టీరింగు లేని కారు కాబట్టి సందులో తిప్పాలంటే భుజాలు పట్టేశాయి. గోతిలో ఒక చక్రం పడితే స్టీరింగు అటే లాగేది. పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డు లోపలి అంచును గీరేది. వర్షంలో చిమ్మిన బురద తలుపు పిడి దాకా చేరేది. ఎత్తు లెక్క కూడా ఉంది: 205/60 ఆర్15 టైరు మొత్తం ఎత్తు 627 మిల్లీమీటర్లు, పాత టైరుకు దగ్గరగా ఉండే 205/70 ఆర్15 ఎత్తు 668. అంటే కారు నేలకు రెండు సెంటీమీటర్లు దగ్గరైంది, మీటరు 60 చూపినప్పుడు నిజానికి 56లో వెళ్తోంది. మా ఊరి దారిలో మట్టి తూము దగ్గర ఆ రెండు సెంటీమీటర్లకూ సైలెన్సరు మూల్యం చెల్లించింది. ట్రాక్టరు కూడా ఎదురొచ్చింది. కారు కాలువలో పడలేదు కానీ, అర కిలోమీటరు వెనక్కి నడపవలసి వచ్చింది. చివరికి స్పేసర్లు తీసేయించి, ఆరంగుళాల ఇనుప రిమ్ములకు 205/70 టైర్లు వేయించాను. ఈ కొలతతో నిలకడ పాతదానికంటే బాగుంది, గీరుడు లేదు, స్టీరింగు కాస్త బరువే అయినా భరించదగినది.

గ్యారేజీ తప్పులు రెండు. నలభై అయిదు రోజులన్న పని నాలుగు నెలలు పట్టింది. తుప్పు పనిని తీసేసినా ఇంకా దాదాపు రెండు నెలల ఆలస్యం మిగులుతుంది, ఫోను చేసిన ప్రతిసారీ "రేపు ఇచ్చేస్తామండి" అనే మాటే వినిపించింది. రెండోది ఇంకా తీవ్రమైనది. కొత్త ఇంజను సెన్సారుకూ పాత టెంపరేచర్ మీటరుకూ లెక్క కుదరదన్న సంగతి వైరింగు చేసిన కుర్రవాడు గమనించలేదు. మే నెల మధ్యాహ్నం రేడియేటరు పైపు వదులై నీళ్లు కారిపోతుంటే మీటరు ముల్లు చల్లగానే ఉన్నట్లు చూపించింది. బానెట్ కింద నుంచి ఆవిరి కనిపించాకే ఆపాను. ఆ వేడికి ఇంజను హెడ్డు వంగకపోవడం అదృష్టం. గ్యారేజీవారు డబ్బు తీసుకోకుండా సరైన సెన్సారు పెట్టి ఇచ్చారు, నిజమే, కానీ అది అప్పగించేముందే చూడవలసిన విషయం.

మొత్తం ఖర్చు 2,35,000 రూపాయలు. ఇందులో ఇంజను, గేర్ బాక్సు 52,000, నేల పని 40,000, నా మురిపెపు చక్రాలకు పోసినది 48,000. ఇంజనుకూ రేకు పనికీ మళ్లీ అక్కడికే వెళ్తాను, వైరింగు మాత్రం అమలాపురంలో మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయిస్తాను. అల్లాయ్ రిమ్ములను అమ్మిపెట్టమని గ్యారేజీలోనే వదిలాను. మొన్న ఆయిలు మార్పించడానికి వెళ్లినప్పుడు అవి గోడకు ఆనించి ఉన్నాయి, వాటి మీద ఎవరో తడి ట్యూబులు ఆరబెట్టారు.