సింగపూర్ రాత్రి రేసు: శనివారం నిలబడి, ఆదివారం కూర్చుని

సింగపూర్ ఫార్ములా వన్‌కి వెళ్తే ఎక్కడ దిగాలి, ఏ టికెట్ కొనాలి అని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. నేను వెళ్లింది ఒక్కసారే, 2023 సెప్టెంబరులో. కాబట్టి నా మాట వేదం కాదు. డబ్బు ఎక్కడ వృథా అయిందో, ఎక్కడ కాలేదో మాత్రం చెప్పగలను.

మా బామ్మర్ది అక్కడే ఉద్యోగం చేస్తాడు. పుంగోల్‌లో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకుంటున్నాడు. ఓనరమ్మ చుట్టాలను రాత్రి ఉండనివ్వదు. అందుకని లిటిల్ ఇండియా ఏరియాలో, సెరంగూన్ రోడ్డుకి దగ్గర్లో హోటల్ తీసుకున్నాను. రేసు వారం కదా, రేట్లు మండిపోతున్నాయి. ఫొటోలో కిటికీ, దానికి చక్కటి కర్టెన్ కనిపించాయి. గదిలోకి వెళ్లి కర్టెన్ తీస్తే వెనక గోడ! రిసెప్షన్‌లో అడిగితే, "కిటికీ ఉందని మేం రాయలేదు కదా సార్" అన్నారు. నిజమే, రాయలేదు. బుక్ చేసేటప్పుడు ఆ ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

అయినా ఏరియా విషయంలో నాకు ఫిర్యాదు లేదు. పొద్దున్నే కోమల విలాస్‌లో దోసె, కాఫీ. బయటికి వస్తే పూల దుకాణాలు. సోమవారం వినాయక చవితి కావడంతో ఆ మూడు రోజులూ వీధంతా మల్లెలు, గరిక వాసన. ట్రాక్‌కి వెళ్లడమూ తేలికే. లిటిల్ ఇండియాలో ఎమ్మార్టీ (అక్కడి మెట్రో రైలు) ఎక్కి, ధోబీ ఘాట్‌లో మారి, సిటీ హాల్‌లో దిగితే సరి. మొత్తం రెండే స్టేషన్లు. బ్యాంకు కార్డు గేటుకి తాకిస్తే చాలు. ఒకప్పుడు మన దేశం నుంచి వెళ్లిన చాకలివాళ్లు బట్టలుతికిన రేవు కాబట్టే ఆ చోటికి ధోబీ ఘాట్ అన్న పేరు. ఇప్పుడు నేల కింద మూడు లైన్లు కలిసే పెద్ద జంక్షన్. మెరీనా బేలో ట్రాక్ కనిపించే గదులున్నాయి గానీ, అక్కడ ఒక్క రాత్రికయ్యే ఖర్చుతో నా ట్రిప్పు మొత్తం గడిచిపోయేది.

శనివారానికి జోన్ 4 వాకెబౌట్ టికెట్ కొన్నాం. సీటుండదు, ఎక్కడ చోటు దొరికితే అక్కడ నిలబడాలి. రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్ రాత్రి 9 గంటలకైతే సాయంత్రం ఆరుకే వెళ్లి కంచె పక్కన చోటు పట్టాం. ఎండ పోయినా ఉక్క పోలేదు, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. కంటికి ఇనుప వల అడ్డం. కారు వస్తోందని ముందు చెవికి తెలుస్తుంది. తల తిప్పేలోగా ఒక రంగు కనిపించి మాయమవుతుంది. ఏ కారో పోల్చుకోవాలంటే పెద్ద స్క్రీన్ వైపు చూడాల్సిందే. ఇంటి దగ్గర టీవీలోనే బాగా తెలుస్తుంది కదా అని మొదటి పావుగంట గొణుక్కున్నాను.

తర్వాత గొణగడానికి తీరిక దొరకలేదు. క్వాలిఫయింగ్‌లో మూడు రౌండ్లు. మొదటి రౌండ్ ఆఖర్లో లాన్స్ స్ట్రోల్ అనే డ్రైవర్ చివరి మలుపులో గోడను గుద్దాడు. అతనికేమీ కాలేదు గానీ కారు నుజ్జయింది. మర్నాడు రేసుకి దిగనేలేదు. ఇక రెండో రౌండ్. ఇందులో మొదటి పదిమందే మూడో రౌండ్‌కి వెళ్తారు. రెడ్ బుల్ టీమ్ డ్రైవర్ వెర్‌స్టాపెన్ అప్పటికి వరసగా 10 రేసులు గెలిచి ఉన్నాడు. మా బామ్మర్ది అతని టోపీ పెట్టుకునే వచ్చాడు. టైము అయిపోయాక స్క్రీన్ మీద వెర్‌స్టాపెన్ పేరు పదో చోట ఉంది. కాసేపటికి లియామ్ లాసన్ (అంతకుముందే చెయ్యి విరిగిన రికియార్డో బదులు నడుపుతున్నాడు) పైకెక్కాడు, వెర్‌స్టాపెన్ 11కి జారాడు. తేడా సెకనులో వెయ్యోవంతులు ఏడంటే ఏడు. "బావా, మనోడు పోయాడు" అని టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చుట్టూ ఒకటే అరుపులు, సగం ఆనందంతో, సగం నమ్మలేక. పోల్, అంటే రేసు మొదట్లో అందరికంటే ముందు నిలిచే చోటు, కార్లోస్ సైన్జ్‌ది. ఒక్క ల్యాప్‌కి (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) 1 నిమిషం 30.984 సెకన్లు. రసెల్ 0.072, లెక్లెర్క్ 0.079 సెకన్లు వెనక.

ఈ ట్రాక్ మీద ముందున్నవాణ్ని దాటడం కష్టం. అందుకే సగం రేసు శనివారమే అయిపోతుందంటారు. ఒక్క రోజుకే డబ్బులుంటే శనివారం వెళ్లండని నేను చెప్పేది కూడా అందుకే.

తిండి సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. లోపల అన్నీ ఖరీదే, క్యూలూ పొడవే. తిని వెళ్లండి.

ఆదివారం పడాంగ్ స్టాండ్‌లో, పదో మలుపు వైపు సీట్లు. పడాంగ్ అంటే మలయ్‌లో మైదానం. 1943లో నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్‌ని ఉద్దేశించి "చలో ఢిల్లీ" అన్నది ఇక్కడే, ఎదురుగా ఉన్న ఆ స్తంభాల భవనం ముందే. అదిప్పుడు నేషనల్ గ్యాలరీ. ఆ సంగతి చెప్తే మా వాడు, "ఇప్పుడా బావా!" అన్నాడు. రేసుకి ముందు వేసే చుట్టు, ఫార్మేషన్ ల్యాప్, మొదలవుతోంది మరి.

ఆ ఏడాది ట్రాక్ చివర్లో నాలుగు మలుపులు తీసేసి, 19 మలుపులతో 4.94 కిలోమీటర్లకు కుదించారు. మొత్తం 62 ల్యాప్‌లు. 20వ ల్యాప్‌లో సార్జెంట్ అనే డ్రైవర్ గోడకి తగలడం, అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ రావడం, చాలామంది టైర్లు మార్చుకోవడం తప్ప చాలాసేపు ఊరేగింపులాగే నడిచింది. కూర్చుని చూశాను కాబట్టి సరిపోయింది, నిలబడి ఉంటే విసుగొచ్చేది.

ఓకాన్ అనే డ్రైవర్ కారు ఆగిపోయి వర్చువల్ సేఫ్టీ కార్ (ట్రాక్ మీదకి కారు రాకుండానే అందరూ వేగం తగ్గించాలన్న ఆదేశం) వచ్చాక కథ మారింది. మెర్సిడెస్ టీమ్ తన డ్రైవర్లు రసెల్, హామిల్టన్ ఇద్దరికీ కొత్త టైర్లు వేసి వేటకి వదిలింది. చివరి ల్యాప్‌ల్లో సైన్జ్, నోరిస్, రసెల్, హామిల్టన్ రైలు పెట్టెల్లా ఒకరి వెనక ఒకరు. అప్పట్లో ముందు కారుకి ఒక సెకను లోపల ఉంటే వెనక కారు రెక్క తెరుచుకుని వేగం పెరిగేది, దాన్నే డీఆర్ఎస్ అనేవారు. సైన్జ్ కావాలనే కాస్త నెమ్మదించి నోరిస్‌కి ఆ వీలు ఇస్తూ వచ్చాడు. నోరిస్ వేగంగా ఉంటే రసెల్ అతన్ని దాటలేడు, సైన్జ్ దాకా రాలేడు. శత్రువునే కంచెగా వాడుకోవడం! అది టీవీ కామెంటరీలో వింటే అర్థమవుతుందేమో. స్టాండ్‌లో మాకు పక్క సీటాయన చెప్తేనే తెలిసింది.

ఆఖరి ల్యాప్. నలుగురూ మా వైపు వచ్చారు. నోరిస్ గోడకి రాసుకుంటూ వెళ్లాడు. వెనకే రసెల్ కూడా గోడను తాకాడు, ఇంకాస్త గట్టిగా. కారు తిరగలేదు, తిన్నగా వెళ్లి బారియర్‌లో దిగబడింది. ఒక్క క్షణం స్టాండ్ మొత్తం నోరు మూసుకుంది. గంటా నలభై ఆరు నిమిషాలు నడిపి, ఇంకో అర ల్యాప్ చాలనగా! హామిల్టన్ పక్కనుంచి వెళ్లి మూడోవాడయ్యాడు. సైన్జ్ గెలిచాడు, నోరిస్ 0.812 సెకన్ల వెనక. వెర్‌స్టాపెన్ అయిదు. ఆ సీజన్ 22 రేసుల్లో రెడ్ బుల్ గెలవనిది ఇదొక్కటే. అది మా కళ్లముందు జరిగింది. టీవీలో చూస్తే బాగుండేదన్న గొణుగుడు నాకు అక్కడే పోయింది.

బయటపడటానికి గంట పట్టింది. అయితే ఎమ్మార్టీ ఆ రాత్రి ఆలస్యంగా కూడా నడిపారు. దారి చూపించేవాళ్లు అడుగడుగునా ఉన్నారు, తొక్కిసలాట లేదు. మన స్టేడియాల నుంచి బయటికొచ్చే తీరు గుర్తొచ్చి కొంచెం కుళ్లుకున్నాను. సెరంగూన్ రోడ్డులో తెరిచి ఉన్న ఒక హోటల్ దొరికితే పరోటా తిన్నాం. మా వాడి టోపీ బల్ల మీదే మర్చిపోతే సర్వర్ పరిగెత్తుకొచ్చి ఇచ్చాడు.

గదికి చేరేసరికి ఒంటిగంట. ట్రాక్ వైపు ఇంకా లైట్లున్నాయేమోనని అలవాటుగా కర్టెన్ తీశాను. గోడ.