ఊహెర్ రిపోర్ట్‌కి డిన్ ప్లగ్గులు: ఏళ్లు వాడాక ఏది నిలిచింది

నా దగ్గర ఉన్నది ఊహెర్ 4200 రిపోర్ట్ స్టీరియో. మ్యూనిక్ కంపెనీ చేసిన రీల్ టేప్ రికార్డర్, ఐదు పెద్ద సెల్స్ వేసి భుజాన తగిలించుకుని తిరగడానికి చేసింది. ఈ వరుసలో మొదటిదైన 4000 రిపోర్ట్ 1961లో వచ్చింది. రేడియో విలేకరులూ జానపద పరిశోధకులూ దశాబ్దాల పాటు వీటినే నమ్ముకున్నారు. పాత 5 అంగుళాల రీళ్లలో ఉన్న ఒగ్గుకథలు, బుర్రకథలు, పెళ్లిపాటలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పనికి నేను ఇప్పటికీ దీన్నే వాడుతున్నాను. దీని మోటారు గురించి, హెడ్ల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ప్లగ్గుల గురించి రాస్తున్నాను, ఎందుకంటే మెషీన్ బాగానే ఉండి, సరైన ప్లగ్గు దొరక్క మూలన పడేసిన రికార్డర్లు నేను కళ్లారా చూశాను. అది చాలా అన్యాయం.

ఊహెర్‌లో ఆడియో వైరు పెట్టే సాకెట్లు డిన్ రకం, అంటే జర్మన్ ప్రమాణం ప్రకారం చేసినవి. గుండ్రటి లోహపు అంచు, లోపల అర్ధచంద్రాకారంలో రంధ్రాలు. పాత ఫిలిప్స్ రేడియోలు, టేప్ రికార్డర్ల వెనక కూడా ఇవే ఉండేవి, అందుకే పెద్దవయసు రేడియో మెకానిక్‌లకు చూడగానే తెలుస్తుంది. హైదరాబాద్ కోఠీలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే గుజరాతీ గల్లీలో అడిగితే మాత్రం ఇప్పుడు వచ్చే ప్రశ్న వేరు: "కీబోర్డు పిన్నా, మిడి పిన్నా సార్?" ఆ ప్రశ్నలో తప్పేం లేదు. పాత ఏటీ కంప్యూటర్ కీబోర్డుకి ఐదు పిన్నుల డిన్ ప్లగ్గే ఉండేది. 1983లో మ్యూజిక్ కీబోర్డుల కోసం వచ్చిన మిడి పద్ధతి కూడా అదే ప్లగ్గు తీసుకుంది. మిడి ఇంకా బతికే ఉంది కాబట్టే, ఈ ఐదు పిన్నుల ప్లగ్గు ఈ రోజుకీ కొత్తగా తయారవుతోంది. ఇంగ్లండ్‌కి చెందిన నెయిమ్ కంపెనీ తన యాంప్లిఫయర్లలో డిన్‌ని వదలకపోవడం కూడా మనలాంటివాళ్లకి మేలే చేసింది.

కానీ ఐదు పిన్నులు ఉన్నంత మాత్రాన పని అయిపోదు. ఐదు పిన్నుల్లోనే 180 డిగ్రీలది ఒకటి, 240 డిగ్రీలది ఒకటి ఉన్నాయి. మొదటిదాంట్లో పిన్నులు సరిగ్గా సగం వృత్తం మీద ఉంటాయి, రెండోదాంట్లో అంతకంటే ఎక్కువ మేర పరుచుకుని ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు ఫోటోలో 180 చూపించి 240 పంపాడు, వాపసు తీసుకోవడానికి కూడా ఒప్పుకోలేదు. అప్పటి నుంచి ఆర్డర్ పెట్టే ముందు ఎదురుగా తీసిన ఫోటో పంపమని అడుగుతున్నాను. పంపని వాళ్ల దగ్గర కొనను.

ఇప్పుడు పిన్నుల సంగతి. అసలు విషయం ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. 180 డిగ్రీల ప్లగ్గులో పిన్నుల నంబర్లు వరసగా 1, 2, 3 అని ఉండవు. ఒక చివర నుంచి 1, 4, 2, 5, 3 అని వస్తాయి. మధ్యలో ఉన్న 2 ఎర్త్. టేప్ రికార్డర్‌లో 1, 4 పిన్నులు రికార్డింగ్ లోపలికి వెళ్లడానికి, ఎడమ కుడి చానళ్లు. 3, 5 పిన్నులు ప్లేబ్యాక్ బయటికి రావడానికి, అవీ ఎడమ కుడి. ఈ నాలుగు ముక్కలూ కాగితం మీద రాసి పనిబల్ల ముందు అంటించుకున్నాక నా టెన్షన్ సగం తగ్గింది.

మిడి కేబుల్ కొని పెడితే ఏమవుతుంది? ప్లగ్గు చక్కగా దూరుతుంది, సౌండ్ మాత్రం సరిగ్గా రాదు. మిడికి కావలసినవి 4, 5, 2 పిన్నులే. చాలా మిడి కేబుళ్లలో 1, 3 పిన్నులకు లోపల తీగే ఉండదు. మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరకి ఒక్కో పిన్నూ తాకించి చూడండి, నిమిషంలో తేలిపోతుంది. ఊహెర్‌లో 3 మీద ఎడమ చానల్ వస్తుంది కాబట్టి, ఆ కేబుల్‌తో వినేది ఒక్క కుడి చానలే. పాత మోనో టేపు పెట్టినప్పుడు ఇది ఇంకా విచిత్రంగా ఉంటుంది. మోనో మెషీన్‌లో రెండు వైపులా రికార్డు చేసిన టేపుని 4200లాంటి హాఫ్ ట్రాక్ (టేపు వెడల్పులో సగం ఒక చానల్‌కి, సగం ఇంకో చానల్‌కి వాడే) స్టీరియో మెషీన్‌లో వేస్తే, ఎడమ చానల్‌లో మొదటి వైపు మామూలుగా, కుడి చానల్‌లో రెండో వైపు వెనక నుంచి ముందుకి వినిపిస్తుంది. ఆ మిడి కేబుల్‌తో విన్నవాళ్లకి తలకిందులైన మాటలు తప్ప ఏమీ వినపడవు, మెషీన్ పాడైందనుకుంటారు. 3, 5 పిన్నులు రెండూ కలిపేసిన మోనో కేబుల్ పెడితే కథకుడి గొంతు మీద ఇంకో గొంతు తిరగబడి పడుతుంది. రెండు పిన్నులకీ విడివిడిగా తీగలు లాగిన కేబుల్ ఉంటే ఇదే లాభంగా మారుతుంది. ఒక్కసారి టేపు నడిపితే రెండు వైపులూ కంప్యూటర్‌లోకి వచ్చేస్తాయి, కుడి చానల్‌ని సాఫ్ట్‌వేర్‌లో రివర్స్ చేస్తే చాలు. పెళుసైపోయిన టేపుని రెండోసారి నడపాల్సిన పని తప్పుతుంది. నాకు ఆ కేబుల్ మెషీన్ కంటే విలువైనది.

నేను వాడుతున్న ప్లగ్గుల్లో ఎక్కువ కాలం నిలిచింది న్యూట్రిక్ వాళ్ల రీన్ బ్రాండులోని ఎన్‌వైఎస్322. పైన తొడుగు లోహం, వైరుని వెనక గట్టిగా పట్టుకుంటుంది. రోజూ తీసి పెడుతున్నా పిన్నులు వంగలేదు. అమెరికా స్విచ్‌క్రాఫ్ట్ వాళ్ల 05జీఎం5ఎం దానికంటే దృఢంగా అనిపిస్తుంది, కానీ రీన్ దొరుకుతుంటే అంత ఖర్చు అవసరం లేదని నా అభిప్రాయం. రెండూ మౌసర్, ఎలిమెంట్14 లాంటి చోట్ల ఆర్డర్ పెట్టుకోవచ్చు. ఒక్క ప్లగ్గు కోసం తెప్పిస్తే కొరియర్ ఖర్చే ఎక్కువవుతుంది, కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి తెప్పించుకోవడం మంచిది. బంగారు పూత ఉన్నది, నికెల్ పూత ఉన్నది రెండూ వాడాను. చెవికి తేడా ఏమీ తెలియలేదు.

గుజరాతీ గల్లీలో దొరికే పేరులేని ప్లాస్టిక్ ప్లగ్గుల్ని పూర్తిగా కొట్టిపారెయ్యను. లోపల రెండు రేకు ముక్కలు ఒకదాన్నొకటి కప్పుకుని ఉంటాయి, వాటి మీద ప్లాస్టిక్ తొడుగు జారి, పక్కనున్న చిన్న నాలుక టక్కుమని పట్టుకుంటుంది. ఆ నాలుక మూడు నాలుగు సార్లు విప్పితే విరిగిపోతుంది. ఎప్పుడూ కదిలించకుండా ఒకేచోట ఉంచే వైరుకైతే చాలు. భుజాన వేసుకుని తిరిగే మెషీన్‌కి మాత్రం పెట్టొద్దు.

టంకం పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. ఈ కొత్త ప్లగ్గుల్లో పిన్నుల్ని పట్టుకున్నది ప్లాస్టిక్. ఐరన్ కాస్త ఎక్కువసేపు ఆనిస్తే అది మెత్తబడి పిన్ను పక్కకి ఒరుగుతుంది. ఆ తర్వాత సాకెట్‌లోకి దూరదు, బలవంతంగా తోస్తే సాకెట్‌లోని రేకు విరుగుతుంది. అందుకని పాడైన మదర్‌బోర్డు నుంచి పీకిన కీబోర్డు సాకెట్ ఒకటి వైస్‌కి బిగించి ఉంచాను. ప్లగ్గుని అందులో గుచ్చి టంకం పెడతాను. సాకెట్ వేడిని లాక్కుంటుంది, పిన్నులు నిటారుగా ఉంటాయి. తీగకీ పిన్ను గుంతకీ ముందే విడివిడిగా లెడ్ పూసి ఉంచితే రెండు మూడు సెకన్లలో పని అయిపోతుంది. ఘాటైన యాసిడ్ పేస్ట్ వాడొద్దు, ఏడాది తిరిగేసరికి జాయింట్ పచ్చబడుతుంది. ఇంకోటి, లావుపాటి మైక్ వైరు ఈ తొడుగుల్లో దూరదు. సన్నటి షీల్డెడ్ వైరే తీసుకోండి.

ఊహెర్‌లోకి రికార్డు చెయ్యాలనుకునేవాళ్లకి ఒక మాట. మామూలు సీడీ ప్లేయర్ లేదా ఫోన్ నుంచి వచ్చే సిగ్నల్‌ని నేరుగా 1, 4 పిన్నులకి ఇస్తే సౌండ్ పగిలిపోతుంది. పాత డిన్ పద్ధతిలో ఆ పిన్నులు చాలా చిన్న సిగ్నల్ కోసం చేసినవి. ఒక్కో చానల్ తీగకి 470 కిలో ఓమ్‌ల నుంచి 1 మెగా ఓమ్ వరకు రెసిస్టర్ ఒకటి వరసలో పెట్టాలి. అది డిన్ ప్లగ్గు వైపే ఉండాలి, అవతలి చివర పెడితే వైరు పొడవునా హమ్, అంటే గుయ్‌మనే రొద, ఎక్కుతుంది. క్వార్టర్ వాట్ రెసిస్టర్‌కి కాళ్లు కత్తిరించి స్లీవ్ తొడిగితే రీన్ తొడుగులో ఇరుకుగానైనా పడుతుంది. రెడీమేడ్ డిన్ కేబుళ్లు అమ్మేవాళ్లలో చాలామంది ఇది పెట్టరు, పెట్టామని చెప్పరు. కొనేముందు అడగండి.

మైక్ విషయంలో ఇంకో రకం వస్తుంది. నా సెన్‌హైజర్ ఎండీ 421 పాతది, పేరు చివర ఎన్ అక్షరం ఉన్నది. దానికి మూడు పిన్నుల డిన్‌లాంటిదే ఉంటుంది కానీ చుట్టూ మరలతో బిగుస్తుంది. దీన్ని జనం చిన్న టూకెల్ అంటారు. కంపెనీ సరుకు దొరకదని నన్ను చాలామంది భయపెట్టారు. నిజానికి ఆ మర ఎం16, 0.75 పిచ్, అంటే వ్యాసం 16 మిల్లీమీటర్లు, మరకీ మరకీ మధ్య 0.75 మిల్లీమీటర్లు. ఫ్యాక్టరీ యంత్రాల సెన్సర్లకి బైండర్, ఆంఫినాల్ కంపెనీలు ఈ రోజుకీ అదే మరతో కనెక్టర్లు చేస్తున్నాయి. ఆడియో దుకాణంలో అడిగితే లేదంటారు, ఇండస్ట్రియల్ కనెక్టర్లు అమ్మేవాళ్ల దగ్గర ఉంటుంది. బైండర్‌ది పెట్టాక మైక్ పట్టుకుని ఎంత కదిలించినా గరగర రాలేదు. ఎక్స్‌ఎల్‌ఆర్ (ఇప్పటి మైకులకి వాడే మూడు పిన్నుల ప్లగ్గు) వైరు కట్టేటప్పుడు నంబరుకి నంబరు కలపకూడదు. డిన్‌లో ఎర్త్ 2, ఎక్స్‌ఎల్‌ఆర్‌లో ఎర్త్ 1. కాబట్టి డిన్ 2ని ఎక్స్‌ఎల్‌ఆర్ 1కి, డిన్ 1ని 2కి, డిన్ 3ని 3కి వెయ్యాలి.

మెషీన్‌లోని సాకెట్‌ని మార్చమని మాత్రం నేను ఎవరికీ చెప్పను, అది నిజంగా విరిగితే తప్ప. మా ఫ్రెండ్ ఒకాయన రిపోర్ట్ తెచ్చి సాకెట్ పోయిందన్నాడు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన సన్నటి బ్రష్‌తో తుడిస్తే నల్లటి మడ్డి బయటికి వచ్చింది. రేకులు వదులైన చోట సూదితో ఒక్కటొక్కటిగా లోపలికి నొక్కాక బాగా పనిచేసింది. ఊహెర్ మైకుల్లో రిమోట్ స్టార్ట్ స్టాప్ స్విచ్ ఉన్నవి ఉంటాయి, వాటి తీగలు కూడా ఆ సాకెట్‌లోంచే పోతాయి. దాన్ని పీకి కొత్తది అమర్చడం మొదలుపెడితే వైర్ల రంగులు ఫోటో తీసుకోకుండా ముట్టుకోవద్దు. కొత్త సాకెట్ కొనేవాళ్లు స్క్రూ రంధ్రాల మధ్య దూరం కాలిపర్‌తో కొలిచి కొనండి.

జపాన్ మెషీన్లు వాడేవాళ్లకి ఇంత కష్టం లేదు. సోనీ టీసీ-డీ5ఎం అనే క్యాసెట్ రికార్డర్ కూడా చాలాకాలం వాడాను. మైక్‌కి 6.3 మిల్లీమీటర్ల జాక్‌లు, లైన్‌కి ఆర్‌సీఏ జాక్‌లు. రెండూ కోఠీలో ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. దానికి జాగ్రత్త పడాల్సింది పవర్ ప్లగ్గు ఒక్కదానికే. బాడీ మీద చిన్న బొమ్మలో మధ్య పిన్ను ప్లస్సా మైనస్సా అని చూపించి ఉంటుంది. అడాప్టర్ పెట్టే ముందు ఆ బొమ్మని టార్చి వేసి చూడండి, మల్టీమీటర్‌తో అడాప్టర్ చివర కూడా కొలవండి. దానికి కావలసింది 3 వోల్టులే.