టామ్‌క్యాట్ ఆటోడిప్లాయ్: ఏళ్ల తరబడి వాడాక

జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్ అయిన అపాచీ టామ్‌క్యాట్‌లోని ఆటోడిప్లాయ్ (అప్లికేషన్లను తనంతట తానే సర్వర్‌లో అమర్చి నడిపించే) సదుపాయాన్ని కొన్నేళ్లుగా టెస్ట్ సర్వర్లలోనూ ప్రొడక్షన్‌లోనూ వాడుతూ వచ్చాను. మనం ఆపితే తప్ప ఇది ఆన్‌లోనే ఉంటుంది. వెనకాల నడిచే థ్రెడ్ 10 సెకన్లకొకసారి ఫైళ్లు మారిన సమయాలను చూసి, తేడా కనిపించిన అప్లికేషన్‌ను తనంతట తానే మళ్లీ లేపుతుంది.

అయితే ఏ ఫైలు మారినా ఫలితం ఒకటే కాదు. అప్లికేషన్ సొంత సెట్టింగుల ఫైలు వెబ్.ఎక్స్ఎంఎల్ మారితే అప్లికేషన్ రీలోడ్ మాత్రమే అవుతుంది. కాన్ఫ్ డైరెక్టరీలో అప్లికేషన్ పేరుతో ఉండే కాంటెక్స్ట్ ఫైలు (ఆ అప్లికేషన్‌కు టామ్‌క్యాట్ వైపు సెట్టింగులు ఉండే ఎక్స్ఎంఎల్) మారితే మాత్రం అప్లికేషన్ పూర్తిగా తొలగి మళ్లీ డిప్లాయ్ అవుతుంది, లాగిన్ అయి ఉన్నవారి సెషన్లు పోతాయి. డేటాబేస్ పూల్ (సిద్ధంగా ఉంచే డేటాబేస్ కనెక్షన్ల) పరిమాణం పెంచడానికి ఒక్క అంకె దిద్దినా ఇదే తంతు. ఆ ఎక్స్ఎంఎల్‌లో ఒక ట్యాగు తప్పిందా, పాత అప్లికేషన్ అప్పటికే పోయి ఉంటుంది, కొత్తది లేవదు. సెట్టింగులు ఉండే ప్రాపర్టీస్ ఫైళ్లపై నిఘా కావాలంటే వాటిని వాచ్డ్‌రిసోర్స్‌గా మనమే చేర్చుకోవాలి.

అసలు చిక్కు లేపడంలో కాదు, ఆపడంలో ఉంది. అప్లికేషన్ తాను మొదలుపెట్టిన థ్రెడ్లను ఆపకపోయినా, థ్రెడ్‌లోకల్ విలువలను (ఒక్కో థ్రెడ్‌కు విడిగా దాచిన విలువలను) తీసివేయకపోయినా, అప్లికేషన్ కోడ్‌ను లోడ్ చేసిన పాత క్లాస్‌లోడర్ మెమరీలోనే ఉండిపోయి, పలుమార్లు రీడిప్లాయ్ అయ్యేసరికి క్లాసుల వివరాలు ఉండే మెటాస్పేస్ నిండిపోతుంది. అప్లికేషన్ తొలగించడం మరిచిపోయిన జేడీబీసీ (డేటాబేస్) డ్రైవర్లను టామ్‌క్యాట్ తానే తొలగిస్తుంది, మిగతావాటి గురించి లాగ్‌లో హెచ్చరిక రాస్తుంది (ఆ హెచ్చరికలను చదివేవారు అరుదు). టామ్‌క్యాట్ నిర్వహణకు ఉండే మేనేజర్ పేజీలో ఇలాంటి మెమరీ లీకులను వెతికే బటన్ నాకు బాగా ఉపయోగపడింది కానీ, అది పూర్తి గార్బేజ్ కలెక్షన్‌ను (వాడని మెమరీని ఖాళీ చేసే పనిని) నడిపిస్తుంది కనుక రద్దీ వేళ దాని జోలికి పోకూడదు.

మారిన ఫైలును టామ్‌క్యాట్ చూసే చోటికి నేరుగా కాపీ చేస్తే సగం రాసిన స్థితిలోనే టామ్‌క్యాట్ దాన్ని చదివే అవకాశం ఉంది. అదే డిస్కులో వేరేచోట సిద్ధం చేసి పేరు మార్చి పెట్టడం మేలు.

టెస్ట్ సర్వర్లకు ఇది నిస్సందేహంగా మంచి సదుపాయం. ప్రొడక్షన్‌లో మాత్రం ఆపేసి, టామ్‌క్యాట్ 7 నుంచి ఉన్న సమాంతర డిప్లాయ్‌మెంట్‌ను (ఒకే అప్లికేషన్ రెండు వెర్షన్లు పక్కపక్కనే నడవడాన్ని) మేనేజర్ ద్వారా వాడుతున్నాను. పాత సెషన్లు పాత వెర్షన్‌లో, కొత్తవి కొత్తదానిలో నడుస్తాయి. కాకపోతే ఖాళీ అయిన పాత వెర్షన్లను తొలగించే పని కూడా ఆటోడిప్లాయ్‌లో భాగమే కాబట్టి, అది ఆపిన చోట వాటిని చేత్తోనే తీసేయాల్సి వస్తోంది.